రైట్ అనేదాకా

నిలుపుదల పుస్తకం. బండి: తిరుగు ఆసుపత్రి, మూడో చుట్టు, నంబరు 417. రాసేది: వరహాలు. డయాలసిస్ టెక్నీషియన్, డ్రైవరు, ఊడ్చే మనిషి, అన్నీ నేనే.

నమోదు 211. సోమవారం.
చోటు: పాత డిపో వీధి. నిలిచిన కాలం: నాలుగు గంటల రెండు నిమిషాలు. కారణం:

ఈ కారణం గడి వేలెడంత ఉంటుంది. మనిషికి అంతకంటే పెద్ద కారణం ఉండకూడదని నిలుపుదల శాఖవారి ఉద్దేశం కాబోలు. నేను గడి దాటి వెనక పేజీ దాకా రాస్తాను. రాస్తే ఏమవుతుంది? ప్రతి బండీ ఈ పుస్తకం రాయాలన్నారు, రాయకపోతే తప్పన్నారు. పన్నెండేళ్ళలో దీన్ని తెరిచి చదివిన పాపాన ఒక్కడూ పోలేదు. పోయినేడాది ఒక చోట కారణం కింద "మీ నాయనమ్మ పెళ్ళి" అని రాశాను. తనిఖీలో "సరిగా ఉంది" అని ముద్ర కొట్టి పంపారు.

అసలు కారణం ఇది. గొర్లె సన్యాసినాయుడు గారి రక్తం కడగాలి. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు, రెండు కిడ్నీలూ పోయాయి. ఒకప్పుడు బస్సు కండక్టరు, బస్సులు ఆగిన రోజుల్లో. ఇప్పుడు ఈ ఊళ్ళో ఏ బండీ ఆగదు. కరెంటు ఇచ్చేది రోడ్డే కనక, ఆగిన బండి మిగతావాటి కరెంటుకి అడ్డమట. ఏడు నిమిషాలు దాటితే మరక. పది మరకలు పడితే బండి ఎవరూ తోలకుండానే బందెలదొడ్డికి పోతుంది. పోయిన బండి మళ్ళీ బండిగా తిరిగిరాదు, చక్రాలు ఒకచోట, తలుపులు ఒకచోట అమ్ముడుపోతాయి.

యజమానులు ఆఫీసుల్లో దిగిపోయాక, వాళ్ళ ఖాళీ బళ్ళు సాయంత్రం దాకా చుట్ల మీద తిరుగుతూనే ఉంటాయి. మనిషి లేని బండి, దాని వెనక మనిషి లేని ఇంకో బండి. అవన్నీ చట్టాన్ని గౌరవిస్తున్నాయి. ఒక ముసలాయన ప్రాణం కోసం ఆగిన నా బండి మాత్రం నేరం చేసింది.

మొన్నమొన్నటి దాకా మాకీ బాధ లేదు. ఆగిన బళ్ళని కనిపెట్టి నిమిషాలు లెక్కపెట్టే డిపో వీధి కంటిస్తంభం మీద కాకి గూడు పెట్టింది. స్తంభానికి చూపు లేదు. నా రోగులు ముగ్గురినీ, కండక్టరు గారినీ, బట్టలు కుట్టే బీబీజాన్‌నీ, అప్పలస్వామినీ, ఈ వీధికే రప్పించుకుని నిశ్చింతగా పని చేసుకునేదాన్ని. పోయిన వారం శాఖవారు వచ్చి గూడు తీసేశారు. ఆ కాకి చేసిన ప్రజాసేవ శాఖలో ఎవడూ చెయ్యలేదు.

ఏడు రోజులు, ఏడు మరకలు. ఇవాళ్టిది ఏడోది.

నమోదు 212. మంగళవారం.
చోటు: అదే. కాలం: మూడు గంటల యాభై నిమిషాలు. కారణం: బీబీజాన్. ఎనిమిదో మరక.

పొద్దున్నే అర్జీ యంత్రంతో అప్పీలు చేసుకున్నాను. కడుపులోని మాటంతా చెప్పాను. మూడు సెకన్లలో జవాబు.

"మీ బాధ మాకు అర్థమైంది. నాలుగు గంటల చికిత్సను ఏడేసి నిమిషాల చొప్పున ముప్పై అయిదు భాగాలుగా చేసుకోగలరు. భాగానికీ భాగానికీ మధ్య బండిని ఒక చుట్టు తిప్పగలరు."

నాకూ ఒకటి అర్థమైంది, ఈ యంత్రాన్ని తయారు చేసినవాడికి జన్మలో ఎవడూ సూది గుచ్చలేదని. చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చి, ఒంట్లోని రక్తమంతా బయటికి తీసి, కడిగి లోపలికి పంపుతాం. కదిలే బండిలో ఆ పని ఒకసారి చేసి చూశాను. ఒక గుంతలో కుదుపుకి అప్పలస్వామి సూది జారి, బండి పైకప్పు దాకా రక్తం చిమ్మింది. మరకంటే అదీ. కడగడానికి రెండు రోజులు పట్టింది.

ఆసుపత్రులకి మినహాయింపు ఉంది కదా అని మళ్ళీ అడిగాను. "ఆసుపత్రి అనగా పునాది కలిగిన కట్టడం" అంది. పునాది ఉన్న ఆసుపత్రి తొమ్మిదో చుట్టులో ఉంది, అక్కడ వరస పద్నాలుగు నెలలు. కిడ్నీలు పనిచెయ్యని మనిషి రెండు వారాలు బతకడమే గొప్ప. ఇళ్ళలో పెడదామంటే యంత్రం రెండు క్వింటాళ్ళు, నీళ్ళు శుద్ధి చేసే డ్రమ్ములు వేరే. కండక్టరు గారిది అయిదో అంతస్తు.

ఊరంతా తిరిగి చూశాను, ఇంకో గుడ్డి స్తంభం ఎక్కడైనా ఉందేమోనని. ఒక్కటీ లేదు. రోడ్డు మీద గుంతలు పూడ్చడానికి లేని మనుషులు స్తంభాలు తుడవడానికి మాత్రం ఉన్నారు.

నమోదు 213. శుక్రవారం.
చోటు: అదే. కాలం: రెండు గంటల పది నిమిషాలు. కారణం: కింద.

రెండు రోజులు బండి ఆపలేదు. మనిషి అధికారి దగ్గర అప్పీలుకి సమయం దొరికింది, అది అయ్యేదాకా మరక పడకూడదనుకున్నాను. మూర్ఖత్వం. ఇవాళ కండక్టరు గారు మెట్లు దిగి వచ్చేసరికి కాళ్ళు దిండ్లలా ఉబ్బాయి. మాట మాటకీ ఆయాసం.

"పర్నేదమ్మా వరాలూ. ఓవర్‌లోడ్ అయిపోనాను, అంతే," అన్నారు నవ్వి.

నాకు నవ్వు రాలేదు. మిషను పెట్టాను. అప్పీలుకి వేళ అవుతుంటే రెండు గంటలకే ఆపి సూదులు తీసేశాను. సగం కడిగిన రక్తంతో ఆయన్ని పైకి పంపాను. తొమ్మిదో మరక ఎలాగూ పడింది. ఇంక మిగిలింది ఒక్కటే. ఇంకొక్కసారి ఆగితే నా బండి పోతుంది, దాంతో ఈ ముగ్గురూ పోతారు. ఇంతకంటే విడమరిచి ఏ గడిలో రాయాలో నాకు తెలీదు.

అప్పీలు సంగతి. అప్పీళ్ళ అధికారి నరహరి గారి ఆఫీసు కూడా బండే, అదీ ఆగకూడదు. అయిదో చుట్టు మీద ఆయన బండి పక్కన నా బండి నడుపుతూ, కిటికీలోంచి కిటికీలోకి అరిచి చెప్పుకోవాలి. నలభై నిమిషాలు వెంటపడ్డాక ఆయన అద్దం దించారు. చేతిలో ఇడ్లీ, గడ్డం మీద చట్నీ. ఆ ఇడ్లీలు మా తవిటమ్మక్కవే, చూడగానే పోల్చాను. తిరిగే బండిలో దోసె పోస్తే గుండ్రంగా రాదని ఆవిడ ఇడ్లీలే వేస్తుంది.

"చూడండమ్మా, చట్టానికి జాలి ఉండదు," అన్నారు ఆయన.

"జాలి అడగలేదండీ. నాలుగు గంటలు అడిగాను."

"నిబంధన లేనిదే నేనేం చెయ్యను? ఒక్క పద్నాలుగో నిబంధన ఉంది, అది మీకు వర్తించదు. వినండి." ఇడ్లీ మరో చేతిలోకి మార్చుకుని చదివారు. "ప్రయాణికుని పాదం ఫుట్‌బోర్డు మీద ఉండగా బండి నిలిచినట్టు కాదు, ఎక్కించుకుంటున్నట్టు. విధుల్లో ఉన్న కండక్టరు రైట్ రైట్ అని పలికేవరకు ఎక్కడం పూర్తయినట్టు కాదు."

"ఇదెక్కడి నిబంధనండీ?"

"పాత బస్సుల మాన్యువల్ నుంచి యథాతథంగా తెచ్చుకున్నాం. కొత్తగా రాయడానికి టైమెక్కడిది? ఈ రోజుల్లో విధుల్లో ఉన్న కండక్టరు ఎక్కడుంటాడు చెప్పండి!" అని పకపకా నవ్వారు. నవ్వి అద్దం ఎత్తేశారు.

ఊరి ప్రాణాలు చేతిలో పెట్టుకుని, పాత పుస్తకం చూసి కాపీ కొట్టిన శాఖ ఇది. పదో తరగతి పిల్లలైనా కాపీ కొట్టే ముందు ఒకసారి చదువుకుంటారు.

నమోదు 214. శనివారం.
చోటు: అదే. కాలం: ఆరేసి నిమిషాలు, రెండుసార్లు. కారణం: కండక్టరు గారితో మాట్లాడటం.

ఆయన్ని బండిలో కూర్చోబెట్టి పద్నాలుగో నిబంధన చెప్పాను, ఆ అధికారి ఎంత దద్దమ్మో చెప్పి ఇద్దరం కాసేపు తిట్టుకోవచ్చని. ఆయన తిట్టలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు.

"ఇదుల్లో ఉన్న కండక్టరు అన్నాడేటి?"

"అన్నాడు బాబాయ్."

"అయితే ఉన్నాడు కదే. నానున్నాను కదా!"

ఆయన పింఛను గోల వీధిలో అందరికీ తెలుసు. రిటైరవ్వాల్సిన నాటికి ఒక్క రోజు ముందు డిపో మూసేశారు. రిలీవింగ్ ఆర్డరు ఇచ్చే మేనేజరు లేడు. ఆర్డరు లేదు కనక రికార్డు ప్రకారం ఆయన ఇంకా సర్వీసులో ఉన్నట్టే, సర్వీసులో ఉన్నవాడికి పింఛను లేదు. డిపో లేదు కనక జీతమూ లేదు. పద్దెనిమిదేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. ఆ ఆర్డరు వస్తే గోడకి కట్టించుకుంటానని మేకు కూడా కొట్టి పెట్టుకున్నారు. ప్రతిసారీ ఒకటే జవాబు: మీ బాధ మాకు అర్థమైంది, తమరు విధుల్లో ఉన్నారు.

"అయినా బాబాయ్, ఎవరో ఒకరికి ఛార్జి అప్పగించి రావలసింది కదా?" అన్నాను.

"ఎవులికి అప్పగిస్తాను? ఛార్జి అంటే ఏటనుకున్నావు? బేగు, బేడ్జీ, ఈలా, అన్నీ ఇంకో కండక్టరు సేతిలో పెట్టి, ఆడు సంతకం సేస్తేనే మనం దిగాల. అలా ఇవ్వకండా ఎలిపోనోడు మా డిపోలో ఒక్కడే ఉన్నాడు, ఆడ్ని సస్పెండు సేసినారు. ముప్పై ఆరేళ్ళు సేసినాను నాను. ఆ మాట పడతానేటి?"

ఆయాసపడుతూనే అయిదంతస్తులూ ఎక్కారు, ఎంత చెప్పినా వినకుండా. ఈలోగా నేను బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చాను. ఆయన తిరిగి దిగేటప్పటికి ఖాకీ చొక్కా ఒంటిమీద ఉంది. జేబు మీద ఇత్తడి బ్యాడ్జి, 2291. కంటిస్తంభం ముందు నిలబడి ఛాతీ విరిచారు. స్తంభం ఎర్రకన్ను ఆ బ్యాడ్జి మీద కాసేపు నిలిచింది.

"స్వాగతం. కండక్టరు సన్యాసినాయుడు విధుల్లో ఉన్నారు," అంది.

ఏడు నిమిషాలు అయిపోవస్తున్నాయని గుర్తొచ్చి బండి కదిలించాను. ఇవాళ ఆపి చూడాలంటే భయం వేసింది.

నమోదు 215. ఆదివారం.
చోటు: అదే. కాలం: నాలుగు గంటల పదకొండు నిమిషాలు. కారణం: ప్రయాణికులు ఎక్కుతున్నారు.

పాదం కోసం తవిటమ్మక్కని పిలిచాను. అరవయ్యేళ్ళ మనిషి, వీధిలో ఆవిడ మాటకి ఎదురు లేదు. ఇడ్లీ బండిని చెల్లెలికి అప్పజెప్పి తిప్పమని పంపి, వచ్చి ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు నేల మీద పెట్టింది.

"ఎంతసేపే ఇలాగ?" అంది.

"నాలుగు గంటలు అక్కా."

"నీ మొకం మండ! నా మోకాళ్ళేటైపోవాల?"

అంది కానీ కాలు తియ్యలేదు. కండక్టరు గారిని కుర్చీలో పడుకోబెట్టి సూదులు గుచ్చాను. ఏడు నిమిషాలు దగ్గర పడ్డాయి. స్తంభం కన్ను తవిటమ్మక్క పాదాన్ని చూసింది, కండక్టరు గారి బ్యాడ్జిని చూసింది.

"ఎక్కడం కొనసాగుతున్నది," అంది.

నాకు ఏడుపొచ్చింది. దిక్కుమాలిన ఇనప స్తంభం నోట ఆ ముక్క విని ఏడవడం సిగ్గుచేటే, అయినా ఏడ్చాను.

అరగంటకి ఒక ప్రమాదం తప్పింది. కండక్టరు గారికి చిన్న కునుకు పట్టి లేచారు. ఎదురుగా ఫుట్‌బోర్డు మీద మనిషి కనబడగానే ముప్పై ఆరేళ్ళ అలవాటు నోట్లోంచి తన్నుకొచ్చింది.

"ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దమ్మా! లోపలికి జరగండి, లోపలికి!"

ఆ గద్దింపుకి తవిటమ్మక్క ఠక్కున కాలు తీసి లోపలికి జరిగింది. స్తంభం లెక్క మొదలుపెట్టేసింది. నేను "కాలూ కాలూ" అని అరిస్తే ఆవిడ మళ్ళీ దిగి, ఎక్కి, ఆయన్ని ఏడు తరాలు తిట్టింది. ఆయన మాత్రం నవ్వు ఆపుకోలేక సూదులున్న చెయ్యి కదిపేస్తుంటే నేను గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

నాలుగు గంటలు పూర్తిగా కడిగాను. సూదులు తీసి, కట్టు కట్టి, తవిటమ్మక్కని దింపాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"రైట్... రైట్!"

స్తంభం పచ్చగా వెలిగింది. మరక లేదు.

నమోదు 243. బుధవారం.
చోటు: అదే. కాలం: నాలుగు గంటలు. కారణం: ఎక్కుతూనే ఉన్నారు, మీకేం నొప్పి?

నెల దాటింది. ఒక్క మరక లేదు. బీబీజాన్‌కి పెట్టినా, అప్పలస్వామికి పెట్టినా కండక్టరు గారు రోజూ ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని దిగుతారు. ఆయన కాళ్ళ వాపు పోయింది. ముఖంలో కళ వచ్చింది. డ్యూటీ ఉన్న మగాడు వేరు సుమా అని తవిటమ్మక్క అంటే, ముసలాయన సిగ్గుపడ్డారు కూడా.

వీధిలో పాదం డ్యూటీకి వంతులు వేసుకున్నారు, మనిషికి గంట. ఒకాయన ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి గడ్డం గీసుకుంటాడు. ఒకావిడ చేటలో బియ్యం ఏరుకుంటుంది. ఎవరి పాదం అయినా స్తంభానికి ఒకటే. చట్టం ముందు అందరూ సమానమని చిన్నప్పుడు చదువుకున్నది ఇన్నాళ్ళకి కళ్ళారా చూస్తున్నాను.

కానీ నిన్న ఒక చిన్న బండి వీధి చివర ఆరు నిమిషాలు ఆగి వెళ్ళింది. కిటికీలో గడ్డం. నాకు తెలిసిన గడ్డమే.

నమోదు 244. గురువారం.
చోటు: అదే. కాలం: చివర రాస్తాను. కారణం: అదీ చివరే.

ఇవాళ పదింటికి నరహరి గారు వచ్చారు. కండక్టరు గారికి మిషను పెట్టి పావుగంట అయింది. పాదం డ్యూటీ తవిటమ్మక్కది. ఆయన బండి మా వెనకాలే ఆగింది. దిగిన మనిషి చేతిలో బంతిపూల దండ, మడత విప్పని శాలువా, ఒక పలక. పలక అంటే శాఖవారి ఫారాలు నింపే యంత్రం.

చూడగానే సంగతి అర్థమైంది. నిబంధన మార్చాలంటే ఊరి సభ కూర్చోవాలి, అది ఏడాదికి తేలదు. మా దారి మూసెయ్యడానికి ఇంకో ఉపాయం ఉందని, అది ఈ మనిషికి తడుతుందని నేననుకోలేదు. ఇడ్లీ తినడం తప్ప ఏమీ రాదనుకున్నాను.

"సన్యాసినాయుడు గారూ!" అని గట్టిగా పిలిచి, గొంతు మార్చి ఉపన్యాసం అందుకున్నారు. పద్దెనిమిదేళ్ళ ఆలస్యానికి శాఖ చింతిస్తున్నదట. తమ సుదీర్ఘ సేవలు మరువలేనివట. పింఛను వెనకటి తేదీ నుంచి మంజూరైందట. రిటైర్మెంటు ఆర్డరు స్వయంగా తీసుకొచ్చారట. ఉపన్యాసం నాలుగు నిమిషాలు పట్టింది. కంటిస్తంభం ఆయన బండి నంబరు చదివి నిమిషాలు లెక్కపెడుతూనే ఉంది. ఆయన పట్టించుకోలేదు. తన ఉపన్యాసం మీద తనకున్న ప్రేమ అలాంటిది.

"సంతకం పెడితే మీరు ఇక విశ్రాంతి తీసుకోవచ్చు," అని పలక చాపారు. అంటూ నా వంక చూసి నవ్వారు. ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు. ముసలాయన రిటైరైన నిమిషం నుంచి నా బండికి కండక్టరు లేడు. ఏడు నిమిషాల్లో పదో మరక. రక్తం సగం మిషన్లో ఉండగానే బండి బందెలదొడ్డికి బయల్దేరుతుంది.

"బాబాయ్, పెట్టకు," అన్నాను.

ఆయన నన్ను చూడలేదు. దండనీ, ఆర్డరునీ చూస్తున్నారు. కళ్ళు నిండా నీళ్ళు. ఆ కాగితం కోసం పద్దెనిమిదేళ్ళు తిరిగిన మనిషి. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఆ వెంటనే నా మీద నాకు అసహ్యం వేసింది. బతకాలంటే నీ గౌరవం వదులుకో అని నేనెలా చెప్పను? చెప్పేలా చేసిన ఈ మర్యాదస్తుడి గడ్డం పీకెయ్యాలనిపించింది.

సూదులు లేని కుడిచేత్తో కండక్టరు గారు సంతకం పెట్టారు. తీరిగ్గా, పొడి అక్షరాలు కాకుండా ఇంటిపేరుతో సహా.

"కండక్టరు విధుల్లో లేరు. లెక్క మొదలైంది," అంది స్తంభం.

తవిటమ్మక్క బావురుమంది. కాలు మాత్రం అక్కడే ఉంచింది. నరహరి గారు దండ వేసి, శాలువా కప్పి, పలక మీద ఆఖరి మీట నొక్కారు. పలక కీచుమంది.

"గడి ఖాళీ. ఛార్జి తీసుకున్నవారి పేరు లేనిదే ఆర్డరు చెల్లదు."

"ఇదేమిటి?" అన్నారు చిరాగ్గా.

"అదే బావూ," అన్నారు కండక్టరు గారు శాలువా సర్దుకుంటూ. "ఛార్జి ఎవులో తీసుకోవాల కదా. నా బేడ్జీ ఎవులికివ్వమంటారు?"

"ఎవరికీ అక్కర్లేదు. లాంఛనం అది."

మళ్ళీ నొక్కారు. మళ్ళీ కీచుమంది. పాత మాన్యువల్‌లోంచి ఈ ఫారం కూడా యథాతథంగా తెచ్చుకున్నట్టున్నారు. "లేరు" అని కొట్టి చూశారు, ఒప్పుకోలేదు. సున్నా చుట్టారు, ఒప్పుకోలేదు. తన పేరే కొట్టారు. "అధికారి కన్నా తక్కువ హోదా వారి పేరు ఇవ్వగలరు" అంది పలక. ఆ మాటకి మాత్రం ఆయన ముఖం కొంచెం వెలిగింది.

"నరహరి గారి బండి. ఆరు నిమిషాలు," అంది స్తంభం. "ఈ బండికి ఇప్పటికి తొమ్మిది మరకలు."

తొమ్మిది! వీధివీధికీ తనిఖీకి వెళ్ళి, ఆగి, ఉపన్యాసాలిచ్చి సంపాదించుకున్నవన్నమాట. ఆయన ముఖంలో రంగు మారింది.

"ఎవరో ఒకరి పేరు చెప్పండి, తొందరగా!" అన్నారు.

కండక్టరు గారు తాపీగా చుట్టూ చూశారు, బస్సులో చిల్లర వెతికే మనిషిలా. "ఈ వరాలమ్మ ఉంది. బండి మీదే ఉంటాది. రాయండి."

నా నోటికి ఆగడం తెలీదని ఈ పుస్తకం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాను. నరహరి గారు గబగబా నా పేరు కొట్టి, పలక నా ముందుకి తోశారు. వేలిముద్ర వేశాను. కండక్టరు గారు జేబు మీది బ్యాడ్జి ఊడదీసి, కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టారు. వెచ్చగా ఉంది. పెట్టుకుని స్తంభం వైపు తిరిగాను.

"స్వాగతం. కండక్టరు వరహాలు విధుల్లో ఉన్నారు. ఎక్కడం కొనసాగుతున్నది."

నరహరి గారికి అప్పుడు అర్థమైంది. పలక లాక్కుని ఏదేదో నొక్కబోయారు. నమోదైన ఛార్జి రద్దు చెయ్యాలంటే అర్జీ పెట్టుకోవాలంది పలక. ఆయన ఇంకా దానితో పోట్లాడుతుండగానే స్తంభం మళ్ళీ మోగింది.

"నరహరి గారి బండి. ఏడు నిమిషాలు పూర్తి. పదో మరక."

ఆయన బండి తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. దీపం ఎర్రగా వెలిగింది. మా పక్కనుంచి మెల్లగా, మర్యాదగా జరుగుతూ బందెలదొడ్డి దారి పట్టింది. కిటికీలో ఇడ్లీ పొట్లం కనబడింది.

"ఆగు! నేను అధికారిని! విధి నిర్వహణలో ఉన్నాను!" అని స్తంభం మీద అరిచారు.

"మీ బాధ మాకు అర్థమైంది," అంది స్తంభం. "అప్పీళ్ళ అధికారికి అప్పీలు చేసుకోగలరు."

నడిచి పోదామంటే ఆయన ఇల్లు ఏడో చుట్టులో, మధ్యలో మూడు చుట్ల మీద బళ్ళు ఆగకుండా పోతుంటాయి. ఖాళీ బళ్ళు. చెయ్యెత్తితే ఆపాలనే ఆలోచన వాటికి ఎవరూ నేర్పలేదు. ఆయన ఎండలో పది నిమిషాలు చెయ్యెత్తుకుని నిలబడి, చెమట తుడుచుకుంటూ మా తలుపు దగ్గరికి వచ్చారు.

"అమ్మా, మీరు ఏడో చుట్టు మీదుగా వెళ్తారా?"

"వెళ్తామండీ. ఎక్కండి."

"మరి ఈవిడ?"

"నా మోకాళ్ళు పోనాయి బావూ, మీరెట్టండి కాలు," అని తవిటమ్మక్క, ఆయన పాదం మెట్టు మీద ఆనేదాకా చూసి, తన పాదం తీసేసింది. ఆయన రెండో కాలు కూడా పైకి పెట్టబోయారు.

"లోపల చోటు లేదండీ, మిషనుంది. అక్కడే నిలబడండి," అన్నాను.

దండతో, శాలువాతో కండక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. గొట్టాల్లో రక్తం సాఫీగా తిరుగుతోంది. మూడు గంటల ఇరవై నిమిషాలు మిగిలాయి. నరహరి గారు ఒంటికాలి మీద బరువు మార్చుకుని లోపలికి తొంగి చూశారు.

"బండి ఎప్పుడు కదులుతుందమ్మా?"

కండక్టరు గారు అలవాటు కొద్దీ నోరు తెరిచి, గుర్తొచ్చి, నా వంక చూసి నోరు మూసుకున్నారు.

"నేను రైట్ అన్నప్పుడండీ," అన్నాను.

నిలిచిన కాలం: ఇంకా నిలిచే ఉంది. కారణం: ప్రయాణికుడు ఎక్కుతున్నాడు.